డికాక్షన్ రంగు నీళ్ళు

పది ఎండిన బాదం ఆకులు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సీలు వేసి, పైన చేప బొమ్మున్న స్టిక్కర్ అంటించి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. వంద రూపాయలకి పైమాటే. కవర్ మీద 'కటప్పా లీవ్స్' అని ఉంటుంది. బాహుబలికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చిన్నప్పుడు కాయలు ఏరుకుని, పైతొక్క నమిలి నోరు ఎర్రగా చేసుకుని, టెంక రాయితో పగలగొట్టుకు తిన్నామే, ఆ బాదం చెట్టు శాస్త్రీయ నామం టెర్మినేలియా కటప్పా.

మా చందానగర్ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఓ మూల ఆ చెట్టు ఒకటుంది. ఏడాదికి రెండు విడతలుగా ఆకు రాలుస్తుంది. రాలేముందు ఆకులు ఎర్రబడతాయి. ఇంగ్లీషు నవలల్లో చదివిన 'ఆటమ్' మా వీధిలో ఆ ఒక్క చెట్టుకే వస్తుంది. పొద్దున్నే ఊడ్చే అక్క వచ్చి, గోనెసంచి నిండా ఎత్తి చెత్త ఆటోలో వేస్తుంది. పశ్చిమ గోదావరిలో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇవే ఆకుల్ని నాలుగైదు కలిపి ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టేవారు. ఒకే ఆకు ఒకచోట సరుకు, ఒకచోట కంచం, ఒకచోట చెత్త.

నేను వాటిని మూడేళ్ళుగా గాజుతొట్టెలో నీళ్ళల్లో వేస్తున్నాను.

నాది రెండడుగుల ట్యాంకు. నీళ్ళు సుమారు 60 లీటర్లు. అడుగున సన్న ఇసుక, దానిమీద బాదం, జామ, రావి ఆకులు ఓ దొంతర. ఒక డ్రిఫ్ట్‌వుడ్ మొద్దు, రెండు ఎండు తామరకాయలు, ఒక కొబ్బరిచిప్ప. ఆరు హనీ గౌరామి చేపలు, లెక్కకి అందనన్ని నత్తలు. రంగురాళ్ళు లేవు, మూత తెరుచుకుంటూ బుడగలు వదిలే నిధిపెట్టె లేదు, వెనకాల నీలం పోస్టర్ లేదు. ఆకుల్లోంచి, కర్రలోంచి దిగిన రసంతో నీళ్ళు పల్చటి డికాక్షన్ రంగులో ఉంటాయి. ఈ హాబీలో దీన్ని 'బొటానికల్' పద్ధతి అంటారు. ఆకులూ కాయలూ బెరడూ ఇందులో అందం కోసమే ఉండవు. అవి నీళ్ళల్లో నాని, రంగు వదిలి, మెత్తబడి, చివికి, చివరికి ఇంకేవో ప్రాణులకి తిండి అవ్వాలి. అలా అవనివ్వడమే పద్ధతి.

చేపలు కొన్న షాపులో ట్యాంకు ఫొటో చూపించాను. "గిదేంది సార్, నీళ్ళు గిట్లయినయ్? కార్బన్ వెయ్యున్రి, రెండు దినాల్ల అద్దం లెక్క అయితయ్" అన్నాడు షాపతను. యాక్టివేటెడ్ కార్బన్ ఈ రంగుని పీల్చేస్తుంది, నిజమే. కానీ ఆ కార్బన్ డబ్బాల పక్క అరలోనే 'బ్లాక్‌వాటర్ ఎక్స్‌ట్రాక్ట్' అని గోధుమరంగు సీసాలున్నాయి. ఒకటి రంగు పోగొట్టడానికి, ఇంకొకటి రంగు తెప్పించడానికి. అదే మాట అంటే నవ్వాడు. "దేని కస్టమర్ దానికుంటడు సార్."

అక్వేరియం లోకంలో అద్దంలాంటి నీళ్ళకి ఉన్న పరువు అంతా ఇంతా కాదు. ఆ పరువుకి కళాస్థాయి తెచ్చినవాడు జపాన్‌కి చెందిన తకాషి అమానో (1954–2015). స్వతహాగా ఫొటోగ్రాఫర్. అడవుల ఫొటోలు తీసిన కంటితోనే గాజుతొట్టెలో కొండలూ పచ్చికబయళ్ళూ పేర్చాడు. 'నేచర్ అక్వేరియం' అనే మాట ప్రపంచానికి అతని వల్లే తెలిసింది. చనిపోయిన ఏడాదే లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున నీటి అడవి కట్టి వెళ్ళాడు. అతని పుస్తకాలు తిరగేస్తుంటే నాకు నోట మాట రాదు, ఇప్పటికీ. అయినా కథల మీద నాలుగు మాటలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి గమనించకుండా ఉండలేను. ఆ ఫొటోల్లో ప్రతి ట్యాంకూ దాని జీవితంలోని ఒకే ఒక్క రోజుది. మొక్కలన్నీ సరైన ఎత్తుకి వచ్చిన రోజు, గొట్టాలు తీసి పక్కన పెట్టిన రోజు, ఒక్క పండుటాకు కూడా కనపడని రోజు. మర్నాడు కత్తెర మళ్ళీ పనిలో పడాలి.

ఆకుల ట్యాంకుకి అలాంటి 'బెస్ట్ డే' ఉండదు. మొదటి రెండు రోజులు ఆకులు పైన తేలతాయి. తర్వాత ఒక్కొక్కటీ మునుగుతాయి. వారం తిరిగేసరికి కర్ర మీద తెల్లటి జిగురు బూజు పడుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే హడలిపోయి అంతా తీసి పారేస్తారు. అది బాక్టీరియా, ఫంగస్ కలిసి అల్లిన పొర. నత్తలు దాన్ని గీక్కుని తింటాయి, చేపపిల్లలు దాని మీద బతికే సూక్ష్మజీవుల్ని ఏరుకుంటాయి. కొన్ని వారాలకి బూజు తనంతట తనే తగ్గుతుంది. నెలా రెండు నెలల్లో బాదం ఆకు మెత్తబడి, మధ్య భాగమంతా పోయి, ఈనెల వల మాత్రమే మిగులుతుంది. రావి ఆకు ఈనెలైతే ఇంకా సన్నం, చిన్నప్పుడు పుస్తకాల్లో దాచుకున్న జాలీ ఆకులాగే. అది కూడా విడిపోయి అడుగున గోధుమరంగు పొడిలా చేరుతుంది. పైన మళ్ళీ రెండు ఆకులు వేస్తాను. ఎప్పుడు ఫొటో తీసినా ఏదో ఒకటి సగంలో ఉంటుంది.

అమ్మ నాతోనే ఉంటోంది. మొదటి నెలలో ట్యాంకు దాటినప్పుడల్లా ఒకటే మాట. "డబ్బులెట్టి కొన్న తొట్టెలో మురుగు నింపుకున్నావేంట్రా."

ఆవిడకి నీళ్ళ గురించి నాకంటే ఎక్కువ తెలుసు. డెల్టా కాలవ పక్క ఊరు వాళ్ళది. గోదారికి కొత్తనీరొచ్చినప్పుడు కాలవలు ఎర్రగా, బురదబురదగా వచ్చేవట. బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపి, మూత పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన నీళ్ళు తేరుకునేవి. ఇండుపగింజ అని కూడా అంటారు. సంస్కృతంలో కతకం. బురదని అడుక్కి దించి, తనూ దానితో పాటే అడుక్కి చేరే ఆ గింజ పొడి వేదాంతుల చేతిలో జ్ఞానానికి పోలిక కూడా అయింది. శంకరుల పేర చెప్పే ఆత్మబోధలో ఆ ఉపమానం ఉంది. కెమిస్ట్రీ పరంగా చూస్తే, నీళ్ళల్లో తేలే మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగేలా చేస్తుంది ఆ గింజ. పటిక చేసే పనే.

అమ్మ మొదట అడిగింది అదే. "చిల్లగింజ దొరికితే అరగదీసి వెయ్యకూడదూ?"

నేను ఓ గాజుగ్లాసులో ట్యాంకు నీళ్ళు తీసి, దాని వెనకాల న్యూస్‌పేపర్ పట్టుకున్నాను. అక్షరాలు చదవడానికి వచ్చాయి. రంగు ఉంది, మసక లేదు. మసక అంటే నీళ్ళల్లో తేలే మట్టి. రంగంటే నీళ్ళల్లో కరిగినది. కాఫీ డికాక్షన్‌ని రాత్రంతా కదపకుండా పెట్టినా పొద్దుటికి మంచినీళ్ళు కాదు. అమ్మ గ్లాసు చూసి, వాసన చూసింది. వాన పడ్డ తర్వాతి మట్టివాసన లాంటిదే తప్ప ఇంకేమీ లేదు. "సరే, కంపు కొట్టట్లేదు" అంది. ఒప్పుకున్నట్టు కాదు, కేసు వాయిదా వేసినట్టు.

ఆ రోజు నుంచీ నన్ను పట్టుకున్న మాట 'తేరుకోవడం'. నీళ్ళు తేరుకుంటాయి. దెబ్బ తిన్న మనిషి తేరుకుంటాడు. రెంటికీ తెలుగులో ఒకటే క్రియ. తేట, తేటతెల్లం, తేటతెలుగు, ఆఖరికి తేటగీతి. మన భాషలో మంచిదంతా తేటగా ఉంటుంది. కథలో నచ్చింది చెప్పాల్సి వచ్చినా 'తేటగా రాశారు' అంటాం, నేనూ అన్నాను బోలెడుసార్లు. కానీ అదే భాషకి పాడవడంలో ఉన్న తేడాలు కూడా బాగా తెలుసు. పిండి పులుస్తుంది, పండు మాగుతుంది, ఆవకాయ ఊరుతుంది, కర్ర చివుకుతుంది, వంకాయ కుళ్ళుతుంది, నీళ్ళు మురుగుతాయి. సూక్ష్మజీవులు ఇంచుమించు అన్నిట్లోనూ ఉన్నాయి. ఇడ్లీపిండి పులవడాన్ని ఎవరూ కుళ్ళిపోవడం అనరు. అందుకే అమ్మకి చివరికి అర్థమయ్యేలా చెప్పగలిగిన వాక్యం ఇది: "ఆకులు కుళ్ళట్లేదమ్మా, ఊరుతున్నాయి." ఆవిడ వెంటనే అడిగింది. "ఊరేది కుళ్ళకుండా ఎవరు చూస్తారు?"

సరైన ప్రశ్న. జవాబు మోతాదులో ఉంది, గాలిలో ఉంది, ఓపికలో ఉంది.

ఆకుని తినే బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. నీళ్ళల్లో కరిగి ఉండే ఆక్సిజన్ చాలా తక్కువ, లీటరుకి కొన్ని మిల్లీగ్రాములు. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 60 లీటర్లలో నాలుగు ఆకులు వేస్తే బాక్టీరియా తాపీగా తింటుంది, చేపలకీ గాలి మిగులుతుంది. నలభై ఒకేసారి వేస్తే ఆ ఆక్సిజన్ అంతా అదే వాడేసుకుంటుంది. అప్పుడు గాలి అక్కర్లేని బాక్టీరియా పనిలోకి దిగుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. ఆకు అదే, నీళ్ళు అవే, మోతాదే వేరు. అందుకే నెమ్మదిగా వెయ్యాలి, స్పాంజ్ ఫిల్టర్ ఆగకూడదు, వారానికోసారి నాలుగోవంతు నీళ్ళు మార్చాలి.

ఏ ఆకు పడితే అది కూడా కుదరదు. పచ్చిది వద్దు, చెట్టు తనంతట తను వదిలేసిన ఎండుటాకే కావాలి. మన రోడ్ల పక్కన ఎక్కడ చూసినా కనపడే కానుగ జోలికి పోకూడదు. కానుగని చేపల్ని మత్తెక్కించి పట్టడానికి వాడిన చరిత్ర ఉంది. వేప పురుగుల్ని చంపే చెట్టు, అదీ వద్దు. బజారు పక్క, మందు కొట్టిన తోటల పక్క ఏరినవి వద్దు. తెచ్చినవి కడిగి, ఓసారి మరిగే నీళ్ళల్లో ముంచి తియ్యాలి. బాదం ఆకు నీళ్ళ ఆమ్లత పెంచుతుందని అందరూ రాస్తారు, కానీ మా బోరు నీళ్ళల్లో పెంచలేదు. దక్కను గ్రానైట్‌లోంచి వచ్చే నీళ్ళు ఉప్పదనం, గట్టిదనం కలిసినవి. వాటిలోని కార్బొనేట్లు ఆకు వదిలే కాస్త ఆమ్లాన్ని అక్కడికక్కడే మింగేస్తాయి. రంగు వస్తుంది, పీహెచ్ కదలదు. నేను సగం బోరు నీళ్ళు, సగం ఆర్వో నీళ్ళు కలుపుతాను. అప్పుడే కొద్దిగా దిగుతుంది.

ఇక్కడ ఇంకో ప్రశ్న. ఈ రంగు నీళ్ళు అసలు ఏ దేశపు ప్రకృతి?

బ్లాక్‌వాటర్ అనగానే అందరూ చెప్పేది అమెజాన్ ఉపనది రియో నెగ్రో. పేరుకి అర్థమే నల్లనది. 1848 నుంచి 1852 దాకా అమెజాన్‌లో తిరిగిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అక్కడి నదుల్ని నీటి రంగుని బట్టి తెల్లవి, నీలివి, నల్లవి అని విడదీశాడు. డార్విన్‌తో పాటే ప్రకృతి వరణాన్ని కనుక్కున్న ఆ వాలెసే. రియో నెగ్రోలో రెండొందలకు పైగా చేపల బొమ్మలు పెన్సిల్‌తో వేసుకున్నాడు. 1852లో తిరుగు ప్రయాణంలో ఓడ నడి సముద్రంలో తగలబడింది. ఏళ్ళ తరబడి పోగేసిన నమూనాలన్నీ పోయాయి. చేతికందిన చిన్న రేకుపెట్టెతో పడవలోకి దిగాడు. ఆ పెట్టెలో మిగిలిన వాటిల్లో ఈ చేపల బొమ్మలున్నాయి. అవి పుస్తకంగా రావడానికి 150 ఏళ్ళు పట్టింది, 2002లో బ్రెజిల్‌లో అచ్చయ్యాయి. వరదొచ్చినప్పుడు అక్కడ నది అడవిలోకి నెలల తరబడి వచ్చి నిలుస్తుంది. చేపలు చెట్ల కొమ్మల మధ్య ఈదుతాయి. ఖనిజాలు దాదాపు లేని ఆ పేద నీళ్ళల్లో రాలిన ఆకే తిండికీ దాపుకీ ఆధారం.

మన చెరువులు అలాంటివి కావు. కాకతీయుల కాలం నుంచీ వాననీటికి అడ్డంగా కట్ట వేసి ఆపుకున్న నీళ్ళు మనవి. మట్టిరంగుతోనో పాచి పచ్చతోనో ఉంటాయి, గట్టివి. చందానగర్‌లో ఫ్లాట్ హాల్లో రియో నెగ్రో అంటే అదొక కల్పన, జపాన్ పచ్చికబయలు ఎంత కల్పనో అంత. నాకు అభ్యంతరం లేదు, కల్పనలు చదివి పెరిగినవాణ్ణే. పైగా నా చేపలు బ్రెజిల్‌వి కావు. హనీ గౌరామిని 1822లో గంగానది చేపల పుస్తకంలో మొదట వర్ణించింది ఫ్రాన్సిస్ హామిల్టన్. గంగా బ్రహ్మపుత్రల మైదానాల్లో మొక్కలు ఒత్తుగా ఉండే నిదాన జలాల్లో బతికే చేప. నీళ్ళపైకొచ్చి గుటకేసి నేరుగా గాలి పీల్చుకోగలదు. మన కొర్రమీనుకీ ఆ విద్య వచ్చు. గాలి తక్కువైన నీళ్ళల్లో అది చివరిదాకా నిలబడేది అందుకే.

రంగుకి కారణమైన 'టానిన్' అనే మాట కూడా మనకి దూరపుది కాదు. తోళ్ళు ఊనే పని, అంటే టానింగ్, నుంచే ఆ పేరు వచ్చింది. మన దగ్గర తోళ్ళు ఊనడానికి వాడిన చెక్కల్లో ముఖ్యమైనది తంగేడు చెక్క. ఇంగ్లీషులో ఆ మొక్క పేరే టానర్స్ కేసియా. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు. ఆ పూలన్నీ చివరికి చేరేది చెరువుకే. తొమ్మిదో రోజు సాయంత్రం గట్టు మీద నిలబడి చూస్తే, నీళ్ళ మీద తంగేడు, గునుగు, బంతి తేలుతూ వెళ్తుంటాయి. ఏడాదికోసారి చెరువు తినగలిగినంత తిండి. పూలు నీళ్ళని శుద్ధి చేస్తాయని చెప్పే మాటని నేను అంత తొందరగా నమ్మను. కానీ ఆ పూలని అరిగించుకోగల చెరువు ఒకప్పుడు ఉండేదని మాత్రం నమ్ముతాను.

ఎందుకంటే ఇప్పుడు ఆ చెరువులు తింటున్నది వేరు. మాకు దగ్గర్లో ముంబై హైవే పక్కన గంగారం పెద్దచెరువు ఉంది. ఎండాకాలంలో ఆ పక్కనుంచి వెళ్తుంటే బస్సు అద్దాలు మూసేస్తారు. ఆ నీళ్ళూ ముదురు రంగులోనే ఉంటాయి. నా ట్యాంకు చూసి మురుగు అన్న అమ్మకీ, అద్దం లెక్క చెయ్యమన్న షాపతనికీ కళ్ళ ముందున్న ఉదాహరణ అదే కదా. మన నగరంలో నీళ్ళు రంగు మారాయంటే దాని అర్థం ఒకటే అయిపోయింది. మురుగులో ఉండేది కూడా ఒక రకంగా బాక్టీరియాకి తిండే. కాకపోతే నాలుగు ఆకుల బదులు నలభై వేలు, రోజూ, రాత్రీ పగలూ. ఉన్న ఆక్సిజన్ చాలదు. నత్రజని, ఫాస్ఫరస్ ఎక్కువై గుర్రపుడెక్క కమ్మేస్తుంది. అది నీడ పరిచి, చచ్చి, అడుక్కి దిగి మళ్ళీ తిండి అవుతుంది. నా ట్యాంకులో చెయ్యకూడదని రాసుకున్నవన్నీ అక్కడ వరసగా జరుగుతుంటాయి.

మా పక్కనే అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరాల్లోని నీటివనరుల్లో దేశంలో ఆ గుర్తింపు మొదట దక్కింది దానికే. ఆ మరుసటేడు, 2017 అక్టోబరులో, అదే అమీన్‌పూర్ మండలంలోని గండిగూడెం చెరువులో టన్నులకొద్దీ చేపలు చచ్చి తేలాయి. పరిశ్రమల వ్యర్థాలే కారణమని మత్స్యకారులు రోడ్డెక్కారు. అప్పుడు వచ్చిన ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. గట్టు పొడవునా తెల్లటి పొట్టలు. రెండు చెరువులకీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే.

చెరువుల్ని బాగుచేయడం అనేసరికి మనకి ముందు తోచేది సుందరీకరణ. వాకింగ్ ట్రాక్, రెయిలింగ్, రంగు లైట్లు, సెల్ఫీ పాయింట్. ఒకప్పుడు గోల్కొండకి నీళ్ళిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో కేబుల్ బ్రిడ్జి వచ్చింది. రాత్రి లైట్లలో అందంగానే ఉంటుంది, ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తూ నేనూ చూస్తాను. కానీ చెరువు ఆరోగ్యం ఒడ్డు మీద ఉండదు. లోపలికి ఏం వస్తోంది, ఎంత వస్తోంది, దాన్ని అరిగించుకునే గాలీ మొక్కా మట్టీ ఎంత మిగిలాయి అన్న లెక్కలో ఉంటుంది. షాపతను ఇచ్చే కార్బన్ లాంటిదే సుందరీకరణ. కంటికి కనపడేది మారుతుంది. నీళ్ళు తేరుకోవాలంటే ముందు బిందె కదపడం ఆపాలి. అంటే వచ్చి పడుతున్న మురుగు ఆగాలి. చిల్లగింజ సంగతి ఆ తర్వాత.

ఇదంతా చెప్పి, మా పార్కింగ్ సంగతి చెప్పకపోతే ఊరి చెరువుల గురించి మాట్లాడే అర్హత ఉండదు.

పోయిన వానాకాలం అసోసియేషన్ మీటింగ్‌లో బాదం చెట్టు ఎజెండాలో మూడో అంశం. కొట్టేద్దామని. కారణాలు పనికిమాలినవి కావు. సెక్రటరీ గారు సంపు గోడ మీద పగులు ఫొటో చూపించారు, వేర్లు అటే వెళ్తున్నాయి. మూడో ఫ్లోర్ అంకుల్ గారి కారు మీద రాత్రిళ్ళు గబ్బిలాలు కాయలు కొరికి పడేస్తాయి, మరకలు పోవు. కింది ఫ్లాట్‌లో ఉండే ఆవిడకి చిన్న పాప. ఆకులు వానకాలవకి అడ్డం పడి నీళ్ళు నిలుస్తున్నాయి, దోమలు, డెంగీ భయం. చెప్తుంటే ఆవిడ గొంతు వణికింది. ఆ మాటకి నా దగ్గర బదులు లేదు. పాపకి జ్వరం వస్తే నా టానిన్ల గురించి ఎవరికి చెప్పగలను?

ముందురోజు ఊడ్చే అక్కని అడిగాను. "చెట్టు కొట్టేస్తే నీకు పని తగ్గుతుంది కదా అక్కా?"

"పని తగ్గుతది, జీతం గూడ తగ్గిస్తరు సారు. మల్ల ఎండల కూసుండేతందుకు నీడేడుంటది?"

మీటింగ్‌లో చేపల ఊసెత్తలేదు. మూడు విషయాలు మాత్రం చెప్పాను. చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం, 2002 ప్రకారం అనుమతి తీసుకోవాలి, మనంతట మనం కొట్టలేం. పగులు వేరు వల్లా, లేక సంపు పాతబడా అన్నది ఓ స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించి తేల్చుకుందాం. నీళ్ళు నిలవడానికి కారణం ఆకు కాదు, కాలవకి జాలీ లేకపోవడం. జాలీ వెయ్యడానికి, వెనక గోడ దగ్గర ఇటుకలతో ఆకుల గుంత కట్టడానికి ఖర్చు నేను పెట్టుకుంటాను. అంకుల్ గారు "ఆకుల్ని గుంతలో వేస్తే కంపు కొట్టదా?" అన్నారు. అమ్మ నన్ను అడిగిన ప్రశ్నే. ఈసారి జవాబు సిద్ధంగా ఉంది. పొరపొరకీ కాస్త మట్టి, కాస్త నీళ్ళు, వారానికోసారి గడ్డపారతో తిరగెయ్యడం. గాలి తగిలితే కంపు రాదు.

చేతులెత్తమన్నారు. పద్దెనిమిది ఫ్లాట్లలో పదిమంది వాయిదాకి ఒప్పుకున్నారు. కొట్టేయాలన్న తీర్మానం పోలేదు, వచ్చే మార్చి జనరల్ బాడీకి మారింది అంతే. కారు వైపున్న రెండు కొమ్మలు తీయించడానికి అనుమతికి దరఖాస్తు పెట్టారు. ఇంజనీరు వచ్చి చూశాడు. పగులు వేరు వల్ల కాదనిపిస్తోందని, అయినా సంపు ఖాళీ చేసి లోపలి నుంచి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేనని అన్నాడు. సంపు ఖాళీ చెయ్యడం అంటే రెండు రోజులు ట్యాంకర్ నీళ్ళు. దాని మీద వాట్సాప్ గ్రూపులో ఇంకా చర్చ నడుస్తోంది.

జాలీ పడింది. గుంత కట్టాం. ఆకు కాబట్టి నెమ్మదిగానే చివుకుతోంది. మూడు నెలలకి అడుగున చెయ్యి పెట్టి చూస్తే చల్లగా, నల్లగా, పొడిపొడిగా మట్టి. దానికి కూడా కంపు లేదు. అక్క రోజూ సంచి అక్కడే గుమ్మరిస్తోంది, ఆటో దాకా మొయ్యక్కర్లేదు కాబట్టి ఆమెకి ఇదే నయం. పాప వాళ్ళ అమ్మ రెండు కుండీలకి మట్టి పట్టికెళ్ళింది, కానీ మార్చిలో ఎటు చెయ్యెత్తుతుందో చెప్పలేదు. నేను అడగలేదు. వానలు మళ్ళీ వచ్చి కాలవ ఎలా పారుతుందో ఆవిడ కళ్ళతో చూడాలి. నా మాట మీద నమ్మాల్సిన అవసరం ఆవిడకి లేదు.

ట్యాంకులో ఆకులు పల్చబడ్డాయి. ఈ ఆదివారం నాలుగు వేస్తాను. మగ గౌరామి ఒక మూల, తేలుతున్న ఆకు కింద, బుడగల గూడు కడుతోంది. గుడ్లు పెడితే పిల్లలకి మొదటి వారం తిండి ఆ చివుకుతున్న ఆకుల మీద పెరిగే కంటికి కనపడని జీవులే. అందుకని అడుగున పేరుకున్న గోధుమరంగు పొడిని ఈ వారం కదపను.